కొండవాలు అడవి నేలలు: పేరుకు ముందు పరిశీలన

హనుమంతునిపాడు పొలములలో నిలిచి పడమరకు చూచినచో వెలికొండల వరుస గోడవలె కనబడును. ఆ పొలముల రైతును నేలను గూర్చి అడిగినచో ఇది ఎర్ర గరప, అది నల్లరేగడి, ఆవల ఉన్నది చవుడు అని చేను చేనుకు వేరు పేరు చెప్పగలడు. కొండవాలును చూపి అచ్చటి నేల ఎట్టిదని అడిగినచో మాత్రము, కొండమీద నేల ఎక్కడిది, అంతయు రాయే కదా అని నవ్వవచ్చును. అందులో వింత లేదు. అతడు కొండమీద నాగలి కట్టలేదు.

వింత ఏమనగా, మృత్తికా శాస్త్రపు పటములు కూడ చాలవరకు ఇదే సమాధానము నిచ్చుచున్నవి. బల్లపరుపు నేలను గజము గజమున విడదీసి పేర్లు పెట్టు పటము, కొండ వచ్చుసరికి ఒక్క రంగు పూసి, ‘లోతు లేని, గులకతో కూడిన, తీవ్రముగా కోతకు గురియైన నేలలు, అక్కడక్కడ బయటపడిన రాయి’ అని ముగించును. ఈ వర్ణన అబద్ధము కాదు. కాని రాళ్ళ సందులలో చేతికి అంటుకొను బంకమన్ను ఎంత ఉన్నది, అది ఎంత లోతున ఉన్నది, ఎట్లు వచ్చినది అను ప్రశ్నలకు ఇందులో జవాబు లేదు. కొండమీద పడిన వాన ఇంకునా, జారునా అనునది ఆ జవాబులపైననే ఆధారపడి యున్నది. కావున ఈ లోటు పండితుల గదిలో ముగియునది కాదు. కొండదిగువ బావుల వరకు వచ్చును.

పేర్ల వెనుక చరిత్ర

నేలను కేవలము పిండియైన రాయిగా గాక, తనకొక పుట్టుక, పెరుగుదల గల ప్రకృతి వస్తువుగా చూపినవాడు రష్యా దేశపు డొకుచాయెవ్. 1883లో వెలువడిన అతని గ్రంథము రష్యా నల్లనేలలను గూర్చినది. మాతృశిల, శీతోష్ణస్థితి, జీవరాశి, భూమి వాలు, కాలము అను ఐదు కారణములు కలిసి నేలను నిర్మించునను భావమును 1941లో హాన్స్ జెన్నీ ఒక సిద్ధాంతముగా స్థిరపరచెను. మన దేశమున 1898లో లెదర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నేలలను ఒండ్రు, నల్లరేగడి, ఎర్రనేల, జేగురునేల అని నాలుగు పెద్ద తెగలుగా విభజించెను. నేటికిని పాఠశాల పుస్తకములలో ఈ విభజనయే కొద్ది మార్పులతో కనబడును.

1960లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు ‘ఏడవ ప్రతిపాదన’ అను పేర క్రొత్త పద్ధతిని ప్రకటించిరి. 1975లో అది ‘సాయిల్ టాక్సానమీ’ అను గ్రంథమైనది. 1999లో రెండవ కూర్పు వెలువడినది. 1976లో నాగపూరు ప్రధాన స్థానముగా ఏర్పడిన జాతీయ మృత్తికా పరిశీలన, భూవినియోగ ప్రణాళికా సంస్థ దేశమంతటికి తయారు చేసిన పటములు ఈ పద్ధతినే అనుసరించినవి.

ఈ పద్ధతి గొప్పతనమును ముందుగా ఒప్పుకొనవలెను. ‘ఎర్రనేల’ అనుమాట ఒకచోట ఒక అర్థమును, వేరొకచోట మరొక అర్థమును ఇచ్చును. ఈ పద్ధతి అట్టి మాటల స్థానమున కొలతలను నిలిపినది. గుంట త్రవ్వి, పొరలను వేరుచేసి, పరీక్షించి, సంఖ్య చూపినవానికే పేరు పెట్టు అర్హత అనినది. వెలికొండ మట్టిని గూర్చి ఒకడు వ్రాసినదానిని వేరొక ఖండమున ఒకడు చదివి గ్రహింపగలుగుట ఈ క్రమశిక్షణ ఫలమే. కాని నిటారు వాలుమీది బంకమన్ను నేలలకు దీనిని వర్తింపజేయునప్పుడు మూడుచోట్ల చిక్కు వచ్చును. కొంత తప్పు పద్ధతిది. ఎక్కువ తప్పు దానిని వాడువారిది.

మొదటి చిక్కు: రాళ్ళను పారవైచి చేయు లెక్క

నేలను పరీక్షకు పంపునపుడు ముందుగా 2 మిల్లీమీటర్ల కన్నుల జల్లెడ పట్టుదురు. పైన మిగిలిన రాళ్ళను ప్రక్కనుంచి, క్రిందికి జారిన మట్టినే విశ్లేషింతురు. అందులో 0.002 మిల్లీమీటరుకంటె సన్నని రేణువులే బంకమన్ను. ‘బంకమన్ను 40 శాతము’ అని నివేదికలో ఉన్నచో అది జల్లెడ దిగిన మట్టిలో 40 శాతమని అర్థము. పొలములలో రాళ్ళు తక్కువగనుక తేడా అంతగా తెలియదు. కొండవాలుమీద తేడా పెద్దది.

ఒక ఘనమీటరు వాలు నేలను తీసికొని, దాని పరిమాణమున సగము రాళ్ళే అనుకొందము. రాళ్ళ బరువు సుమారు 1,325 కిలోలు. మిగిలిన సగములోని మట్టి సుమారు 650 కిలోలు. ఆ మట్టిలో 40 శాతము బంకమన్ను అనగా 260 కిలోలు. మొత్తము బరువు 1,975 కిలోలలో ఇది 13 శాతము మాత్రమే. నీటి లెక్కయు ఇట్లే. రాయి లేని మీటరు లోతు మట్టి చెట్టుకు అందునట్టి నీటిని 15 సెంటీమీటర్ల మేర నిలుపునదైనచో, సగము గట్టి రాయి నిండిన అదే లోతు 7.5 సెంటీమీటర్లే నిలుపును. నివేదికలో 40 అను అంకెను మాత్రము చూచి నీటిని లెక్కించువాడు లేని నీటిని ఉన్నదనుకొనును. ‘గులకనేల’ అను మాటను మాత్రము చూచినవాడు ఉన్న బంకమన్నును లేదనుకొనును.

సాయిల్ టాక్సానమీలో దీనికి విరుగుడు లేకపోలేదు. రాళ్ళు పరిమాణమున 35 శాతము మించి, సన్నమట్టిలో బంకమన్నును 35 శాతము ఉన్నచో, ఆ నేలను ‘రాతిమయమైన బంకనేల’ అను ప్రత్యేక కుటుంబమున చేర్పవలెనని నియమము కలదు. అయితే పేరులో ఇది చివరి మెట్టు. పటములను సంగ్రహించునపుడు మొదట రాలిపోవునది ఈ మెట్టే.

ఈ ప్రాంతమున మరియొక సూక్ష్మము కలదు. వెలికొండ, నల్లమల కొండలలో క్వార్ట్‌జైటు అను గట్టి ఇసుకరాతి పొరలతో పాటు షేలు, పలకరాయి పొరలును కలవు. మార్కాపురము పలకలకు పేరుపొందినది ఈ పలకరాతి వలననే. క్వార్ట్‌జైటు శిథిలమైనచో ఇసుక, రాతిముక్కలు మిగులును. పలకరాయి శిథిలమైనచో బంకమన్ను పుట్టును. సగము మెత్తబడిన పలకరాతి ముక్క గుంటలో రాయివలె కనబడినను వ్రేళ్ళ మధ్య నలుపగా పొడియగును. జల్లెడకు ముందు మట్టిగడ్డలను చితుకగొట్టునప్పుడు ఒకడు మెల్లగా, ఒకడు బలముగా కొట్టినచో ఒకే నేలకు రెండు వేర్వేరు అంకెలు వచ్చును. ఎట్లు కొట్టిరో చెప్పని నివేదికలోని శాతమును కొండ నేలల విషయమున పూర్తిగా నమ్మరాదు.

రెండవ చిక్కు: క్రిందికి దిగిన బంకమన్నా, ప్రక్కకు జారినదా?

అడవి నేలలో పైపొరకంటె క్రిందిపొరలో బంకమన్ను ఎక్కువగా నుండుట సామాన్యము. వాననీటితో సన్నని రేణువులు క్రిందికి దిగి, అచ్చట రంధ్రముల గోడలకు పొరలుగా అంటుకొనినచో, ఆ స్తరమును ‘ఆర్జిలిక్’ స్తరమందురు. పైపొరలో బంకమన్ను 15 నుండి 40 శాతము లోపల ఉన్నప్పుడు క్రిందిపొరలో అది కనీసము 1.2 రెట్లు ఉండవలెను. అంటే పైన 25 శాతమైనచో క్రింద 30 శాతము. అయితే ఈ అంకె ఒక్కటే చాలదు. బంకమన్ను నిజముగా దిగివచ్చినదనుటకు గుర్తులు కూడ చూపవలెను.

ఇక్కడనే కొండవాలు మోసము చేయును. బల్లపరుపు నేలలో నీరు ముఖ్యముగా క్రిందికి దిగును. వాలుమీద ప్రక్కకును పారును. జడివాన పైపొరలోని సన్నమన్నును కడిగి దిగువకు కొనిపోయినచో, పైన ముతక మిగిలి, క్రింది పొరలో బంకమన్ను హెచ్చినట్లు కనబడును. క్రిందికి ఒక్క రేణువైనను దిగలేదు, అయినను 1.2 రెట్లను లెక్క కుదిరినది. లేక, పైనున్న క్వార్ట్‌జైటు శిఖరమునుండి దొర్లిన రాళ్ళు, ఇసుక, దిగువ పలకరాయి శిథిలమైన బంకమన్నుపై పరచుకొని యుండవచ్చును. అప్పుడు ఆ రెండు పొరలు ఒకే నేల కావు. రెండు శిలల సంతానములు, ఒకదానిపై ఒకటి కూర్చున్నవి. అంకెలు చూచువానికి ఇదియు ఆర్జిలిక్ స్తరముగానే తోచును.

గుర్తులను చూచి తేల్చుకొందమన్నను, అవియు పలకరాతి నేలలలో సులభముగా చిక్కవు. బంకమన్ను పొర తళతళలాడును. శిథిలమైన పలకరాతిలోని అభ్రకపు రేకులును తళతళలాడును. తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకొను మట్టిలో గడ్డలు ఒకదానితో ఒకటి ఒరసికొని నునుపెక్కును. ఆ నునుపును బంకమన్ను పొరగా పొరబడుదురు. నేల మెల్లమెల్లగా వాలువెంట క్రిందికి జరుగుచుండుటవలన నిజమైన పొరలు చెదిరిపోవుటయు కలదు. భూతద్దము చాలనప్పుడు మట్టిని పలుచని బిళ్ళగా కోసి సూక్ష్మదర్శినిలో చూడవలెను.

ఈ శ్రమ ఎందుకని అడుగవచ్చును. ఆర్జిలిక్ స్తరము రుజువైనచో, క్షారములు కొట్టుకొనిపోని ఇట్టి మెట్టప్రాంతపు నేల సామాన్యముగా ‘ఆల్ఫిసాల్’ అను క్రమమున చేరును. రుజువు కానిచో, సామాన్యముగా ‘ఇన్‌సెప్టిసాల్’ లేక ‘ఎంటిసాల్’ అగును. పండ్రెండు క్రమములలో ఒకదానినుండి మరియొకదానికి మారుట చిన్న మార్పు కాదు. ఆల్ఫిసాల్ అనుట ఈ వాలు చిరకాలము కదలక నిలిచియున్నదని చెప్పుటతో సమానము. ఇన్‌సెప్టిసాల్ అనుట ఇది యింకను లేత నేల యని చెప్పుట. బంకమన్ను దిగినదో జారినదో చూడకయే మొదటి పేరు పెట్టినవాడు కోతకు గురియగుచున్న వాలును స్థిరమైన వాలని ధ్రువపరచినవాడగును.

ఇందుకు పద్ధతిని నిందింపరాదు. రెండు శిలల సంతానములు ఒకే గుంటలో ఉన్నచో వాటిని వేరు అంకెలతో గుర్తింపుమని ఆ పద్ధతియే చెప్పుచున్నది. తొందరలో దానిని విడిచిపెట్టుట మన తప్పు. అయితే ‘లోతు’ను గూర్చిన నియమములో పద్ధతియే కొంత పొలము పక్షము వహించినది. గట్టి రాయి 50 సెంటీమీటర్లలోపు తగిలినచో ఆ నేలకు ‘లిథిక్’ అను విశేషణము చేరును. వేళ్ళు దూరగల పగుళ్ళు 10 సెంటీమీటర్లకంటె దగ్గరగా ఉన్నచో అది లిథిక్ కాదని మినహాయింపు కలదు గాని, ఆ పగుళ్ళను కొలిచి వ్రాయువారు అరుదు. పలకరాతి పొరలు నిలువుగా నిలిచినచోట చెట్టువేరు ఆ సందులవెంట ఎంతో లోతునకు పోవును. చిరుమాను, నారేపి, ఎర్రచందనము వంటి చెట్లు ‘లోతు లేని నేల’లో వేసవి గడుపుట చూచి, చెట్టును మెచ్చుకొనుటతో సరిపుచ్చక, ఆ నేల వర్ణనను కూడ శంకింపవలెను.

మూడవ చిక్కు: పటములో పట్టని వాలు

రాష్ట్రముల మృత్తికా పటములు 1:2,50,000 కొలబద్దపై తయారైనవి. అందులో ఒక సెంటీమీటరు భూమిమీద రెండున్నర కిలోమీటర్లు. శిఖరమునుండి కొండమొదలు వరకు అడ్డముగా 600 మీటర్లున్న వాలు పటములో 2.4 మిల్లీమీటర్లే, గోధుమగింజ వెడల్పునకు మించదు. ఆ గీటులో శిఖరము రాతినేల, నడివాలు బంకనేల, పాదమున పేరుకొన్న లోతునేల మూడింటిని చూపుట అసాధ్యము. పటము చేసినవారి తప్పు ఇందులో లేదు. రాష్ట్రమంతటికి చేసిన పటమును ఒక కొండకు, ఒక ఊరికి ప్రమాణముగా వాడుటయే తప్పు.

దీనికి దారి చూపినవాడు తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన మిల్న్. కొండనుండి లోయ వరకు ఒక క్రమమున మారుచు, ఒకదాని నీరును మట్టిని మరియొకటి అందుకొను నేలల వరుసను అతడు 1930ల నడుమ ‘కాటెనా’ అనెను. అనగా గొలుసు. గొలుసులోని లంకెను ఊడదీసి విడిగా వర్ణించుట ఎట్టిదో, నడివాలు నేలను పైక్రిందుల నేలలు లేకుండ వర్ణించుట అట్టిది. సాయిల్ టాక్సానమీలో నేల ఉనికికి గాని, పై నేలతో దానికిగల సంబంధమునకు గాని పేరులో స్థానము లేదు. వరుసగా నిలిచిన నేలలను విడి వస్తువులుగా చూచుట, కొండల విషయమున ఈ పద్ధతికిగల అసలైన లోపము.

1961లో అమెరికాలో రూపొందిన భూయోగ్యతా విభజన ఈ లోపమును మరింత పెంచినది. అందులో తరగతులు ఎనిమిది. మొదటి నాలుగు సేద్యమునకు, తక్కినవి పచ్చికకు, అడవికి, అట్లు వదలివేయుటకు. నిటారు వాలు చివరి తరగతులలో పడును. సేద్యమునకు పనికిరాదనుట నిజమే. కాని ‘పనికిరాదు’ అను ముద్ర పడిన చోట గుంట త్రవ్వి చూచు ఉత్సాహము ఎవరికి ఉండును? నాగలికి పనికిరాని నేల నీటికి పనికివచ్చును.

దిగువ ఊళ్ళకు దీనితో పని యేమి?

కనిగిరి, హనుమంతునిపాడు ప్రాంతము వర్షము తక్కువగల మెట్ట. భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చుగా నుండుటవలన పండ్లు, ఎముకలు చెడిన కథ ఈ భాగమున తరతరములది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. కొండమీద ఇంకిన వాననీరు దిగువ భూజలమును కొంతయైనను పలుచన చేయును. ఇంకక జారినది మట్టిని వెంటబెట్టుకొని చెరువును పూడ్చును. కాకర్ల, గొట్టిపడియ, సుంకేసుల గండ్లను మూసి తలపెట్టిన నల్లమల సాగరమునకు గట్లుగా నిలిచినవి ఈ కొండలే. వాటి వాలు మన్ను జారినచో చేరునది ఆ జలాశయపు అడుగుకే.

నీటిని నిలుపుటకై కొండలపై సమతల రేఖలవెంట కందకములు త్రవ్వుదురు. ముతక పైపొర లోతుగా ఉన్నచో ఆ కందకము నీటిని ఇంకించును. ఒక జానెడు లోతుననే బిగువైన బంకమన్ను ఉన్నచో, నీరు నిలిచి, ఆ పొరమీదుగా ప్రక్కకు పారి, గట్టును నానబెట్టి తెంపవచ్చును. ఒకే కొలత కందకము ఒకచోట మేలు, ఒకచోట కీడు. ‘లోతు లేని గులకనేల’ అను పేరు ఈ రెండుచోట్లకును ఒకటే.

పనినిబట్టి మట్టిని చూచు అలవాటు మనకు క్రొత్తది కాదు. వెలికొండలకు ఆవల, కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువువద్ద 1369నాటి శాసనము కలదు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తప్పవలసిన ఆరు దోషములను అది లెక్కించినది. అంగములలో గట్టి బంకమన్ను గల నేలయు, చెరువును ఆనుకొనిన కొండయు ఉన్నవి. దోషములలో చవుడు నేల ఉన్నది. ఆ శాసనకర్తలకు రేణువుల కొలత తెలియదు. కాని మన్ను, కొండ, నీరు ఒకే లెక్కలోనివని వారు గుర్తించిరి. నేటి నివేదికలలో మన్ను ఒక శాఖది, కొండ ఒక శాఖది, నీరు మరియొక శాఖది.

ఎట్లు వర్ణింపవలెను?

క్రొత్త వర్గీకరణము అక్కరలేదు. ఉన్న పద్ధతినే కొండకు తగినట్లు జాగ్రత్తతో వాడిన చాలును. ఒక వాలుకు ఒక గుంట గాక, శిఖరమున, నడివాలున, పాదమున ఒకే గీతపై కనీసము మూడు గుంటలు త్రవ్వవలెను. లోతును నిట్టనిలువుగా కొలిచిరో, వాలునకు లంబముగా కొలిచిరో చెప్పవలెను. 30 డిగ్రీల వాలుమీద నిలువున 100 సెంటీమీటర్లు లంబముగా 87 మాత్రమే. వాలును డిగ్రీలలో చెప్పిరో శాతములో చెప్పిరో స్పష్టపరుపవలెను. 30 డిగ్రీలనగా 58 శాతము. బంకమన్ను శాతము ప్రక్కనే రాళ్ళ పరిమాణమును వ్రాయవలెను. రాళ్ళు క్వార్ట్‌జైటువా, పలకరాతివా, చేతికి నలుగునా లేదా చెప్పవలెను. బంకమన్ను పొరలు ‘కలవు’, ‘లేవు’, ‘చూడలేదు’ అను మూడు మాటలలో ఒకటి తప్పక ఉండవలెను. ఈ మూడవ మాట వ్రాయుటకు సిగ్గుపడనక్కరలేదు. అది లేని నివేదికలో చూడనిదియు లేనట్లే లెక్కింపబడును.

ఇంత వ్రాసిన పిమ్మట ఆల్ఫిసాల్ అన్నను, ఇన్‌సెప్టిసాల్ అన్నను చిక్కులేదు. పేరు తప్పైనచో రేపటివాడు వర్ణననుబట్టి దిద్దుకొనును. వర్ణన లేక పేరొక్కటే మిగిలినచో దిద్దుకొనుటకు ఆధారమే ఉండదు. మరల కొండ ఎక్కి గుంట త్రవ్వవలసినదే. అప్పటికి ఆ వాలుమీద మన్ను ఎంత మిగిలియుండునో!